విసురు వల చేత్తో అల్లడం: ఏ దారం, ఎన్ని కళ్ళు, ముడి ఎక్కడ తప్పుతుంది

#1 కొత్త_అల్లిక

అందరికీ నమస్కారం. 6 మూరల విసురు వల మొదటి నుంచి చేత్తోనే అల్లాలనుకుంటున్నాను. చెరువులో వాడకానికి, ముఖ్యంగా జిలేబీ చేపకి. అంగుళం కన్ను అనుకున్నాను. దుకాణంలో 210/1/3, 210/2/3 అని రెండు రకాల నైలాన్ చూపించారు, పక్కన టంగీసు (పురి లేని ఒంటి పోగు నైలాన్ తీగ) కూడా ఉంది. మూడింట్లో ఏది తీసుకోవాలి, ఎంత తీసుకోవాలి? నెత్తి (వల మధ్య కొస) దగ్గర ఎన్ని కళ్ళతో మొదలుపెట్టి ఎలా పెంచాలి? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

#2 వలసూది

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. 210 అంటే డెనియర్. 9000 మీటర్ల పోగు 210 గ్రాములు తూగుతుందని అర్థం. మధ్య అంకె ఒక్కో పేటలో ఎన్ని పోగులో చెబుతుంది. చివరిది ఎన్ని పేటలు కలిపి పురి పెట్టారో చెబుతుంది. కాబట్టి 210/1/3లో 3 పోగులు, 210/2/3లో 6 పోగులు. రెండోది మొదటిదానికి సరిగ్గా రెట్టింపు బరువు.

పురిలో పోయేది కూడా కలుపుకుంటే 210/1/3 కిలోమీటరుకు 75 గ్రాములు, 210/2/3 అయితే 150 గ్రాములు వస్తుంది.

ఇప్పుడు మీ వల. 6 మూరలంటే 9 అడుగులు, 108 అంగుళాలు. అంగుళం కన్ను అంటే సాగదీసి పట్టుకున్నప్పుడు ముడి నుంచి ఎదురు ముడికి అంగుళం. దానికి కొలత బద్ద, అంటే కళ్ళన్నీ ఒకే సైజు రావడానికి దారం చుట్టే పలక, అర అంగుళం వెడల్పుండాలి. ఒక్కో వరస అర అంగుళం పొడవే ఇస్తుంది కనుక 216 వరసలు. నెత్తిలో 40 కళ్ళతో మొదలై అంచుకు 760 కళ్ళయ్యేలా పెంచుతాం, అంటే సగటున వరసకు 400. మొత్తం 86,400 ముడులు.

ఒక్కో ముడికి అంగుళం దారం కంటికి, పావు అంగుళం ముడిలోకి పోతుంది. కలిపి 32 మిల్లీమీటర్లు అనుకోండి. 2,765 మీటర్లు. 210/1/3 అయితే 210 గ్రాముల లోపే. 210/2/3 అయితే ముడి లావెక్కుతుంది కాబట్టి 440 గ్రాములు దాకా.

చెరువు నీళ్ళకి, జిలేబీకి 210/1/3 చాలు. సన్న దారానికి నీటి పట్టు తక్కువ, అంచుకి కట్టే సీసం గుండ్లు వలని తొందరగా కిందకి లాగుతాయి. లావు దారంతో అంగుళం కన్ను అల్లితే బలంగానే ఉంటుంది కానీ నెమ్మదిగా దిగుతుంది, ఈలోపు చేప అంచు కిందనుంచి జారుకుంటుంది. అడుగున రాళ్ళు, మొద్దులు ఉన్న చోటు అయితే అంచు దగ్గరి 30 వరసలు మాత్రం 210/2/3తో అల్లండి.

ఒక మాట ముందే చెప్పేస్తున్నాను. చెయ్యి తిరిగినవాళ్ళకి నిమిషానికి 12 ముడులు పడతాయి. ఆ లెక్కనే 120 గంటల పని. కన్ను 2 అంగుళాలకి పెంచితే ముడులు నాలుగో వంతుకు పడిపోతాయి, దారం కూడా సగం కంటే తక్కువ పడుతుంది. మొదటి వలకి అదే నయం. చిన్న పిల్ల చేప తప్పించుకుపోతుంది కూడా.

#3 కొల్లేరు_లంక

టంగీసు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. 0.20 మిల్లీమీటర్ల టంగీసుతో అల్లిన వల నీళ్ళలో పెద్దగా కనపడదు, నీళ్ళు తక్కువ పీలుస్తుంది, విసిరితే బాగా విచ్చుకుంటుంది. అందుకే ఇప్పుడు మిషన్ వలలు ఎక్కువగా దానివే వస్తున్నాయి. కానీ చేత్తో అల్లేవాళ్ళకి అది శత్రువు. ఒంటి ముడి నిలవదు. ప్రతి ముడికీ రెండు చుట్లు వెయ్యాలి. పైగా పొడిగా ఉన్నప్పుడు గట్టిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి అక్కడే బలం పోతుంది. తడి చేసి బిగించాలి. 86 వేల ముడులు తడిపి బిగించే ఓపిక ఉంటే తప్ప దాని జోలికి వెళ్ళొద్దు.

నైలాన్ దారం మెత్తగా ఉంటుంది, వేలికి ముడి తెలుస్తుంది. నేర్చుకునేది దాంతోనే. కొనేటప్పుడు ఒక పని చెయ్యండి. జానెడు దారం తీసి పురి కొంచెం విప్పి వదలండి. పురి తిరిగి పట్టుకుంటే మంచిది. పోగులు విడిపోయి అలాగే ఉండిపోతే పురి చాలలేదు. అలాంటి దారం సూది (దారం చుట్టి నింపుకునే అల్లిక సూది) కొనకి తట్టుకుని పోగులు లేస్తుంది.

ఉండ నుంచి దారం పైకొనకి లాగకండి. అలా లాగిన ప్రతి చుట్టుకీ ఒక మెలి అదనంగా ఎక్కుతుంది, సూదికి ఎక్కించేసరికి పురి తిరగబడి చిక్కులు పడతాయి. ఉండని ఒక కడ్డీకి గుచ్చి దొర్లించండి.

ఇక ప్లాస్టిక్ తాళ్ళ దారం, అంటే పాలిథీన్, పాలీప్రొపిలీన్. ఇవి నీటి కంటే తేలిక. ఎంత చవకగా వచ్చినా విసురు వలకి వద్దు. వల తేలుతుంది, మీ సీసం సగం ఆ తేలికని లాగడానికే సరిపోతుంది.

#4 కృష్ణా_రేవు

దారం ఏదైనా సగం వలలు పాడయ్యేది ముడి దగ్గరే. కుడిచేతి వాటం వాళ్ళకి చెబుతున్నాను.

పై వరస మేకుకి వేలాడుతుంది. ఎడమ చేత్తో బద్దని ఆ వరసకి ఆనించి పట్టుకోండి. దారం బద్ద ముందు నుంచి కిందకి దిగి, వెనక నుంచి పైకి వస్తుంది. సూదిని పై కంట్లోంచి వెనక నుంచి ముందుకి తీయండి. కిందకి లాగండి, పై కన్ను అడుగు బద్ద పై అంచుకి తగిలేదాకా. తగలగానే ఆ చోట ఎడమ బొటనవేలితో నొక్కి పట్టండి. ఇక ఆ వేలు ముడి పూర్తయ్యేదాకా కదలకూడదు. దారాన్ని ఎడమవైపుకి పైనుంచి ఒక వలయంలా వెయ్యండి. సూదిని పై కంటి రెండు కాళ్ళ (పక్క దారాల) వెనకగా కుడి నుంచి ఎడమకి పోనిచ్చి ఆ వలయంలోంచి ముందుకి తీసి కిందకి గట్టిగా గుంజండి.

బొటనవేలు సడలితే ఏమవుతుందంటే, వలయం పై కంటి అడుగు కిందకి జారి, కంటిని పట్టుకోకుండా తన దారాన్ని తనే చుట్టుకుంటుంది. చూడ్డానికి ముడిలాగే ఉంటుంది. పై కంటి రెండు కాళ్ళూ పట్టుకుని పక్కలకి లాగి చూడండి. ముడి అటూ ఇటూ పాకితే అది జారుముడి. ఒక్క జారుముడి వల్ల దాని రెండు పక్కల కళ్ళు ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అవుతాయి, చేప పడేది ఆ పెద్ద కంట్లోనే, చిరిగేదీ అక్కడే. ప్రతి వరస చివర పది ముడులు అలా పరీక్షించడం అలవాటు చేసుకోండి. పది వరసలు దాటాక పట్టుకుంటే విప్పలేరు, కోయాల్సిందే.

సూది గురించి. అంగుళం కంట్లో దూరాలి కనుక దారం నింపాక కూడా అర అంగుళానికి తక్కువే ఉండాలి. ఖాళీ సూది వెడల్పు పావు నుంచి మూడు ఎనిమిదో వంతుల అంగుళం. వెదురుది అయితే కొన గాజు ముక్కతో గీకి నునుపు చెయ్యండి. ఎక్కువ నింపాలనే ఆశ వద్దు, పొట్ట లావైన సూది కంటికి కంటికీ తగులుకుంటుంది.

దారం అయిపోయినప్పుడు కొత్త దారం అతుకు కంటి ముడి మీదే రావాలి. కాలు మధ్యలో అతుకు వేస్తే అక్కడ చేప పొలుసు తగులుతుంది, అదే ముందు తెగుతుంది.

#5 కొత్త_అల్లిక

చాలా థాంక్స్ అండి. ముడి అర్థమైంది. 40 నుంచి 760 అన్నారు కదా, ఆ పెంపు ఎలా? ఎన్ని వరసలకి ఒకసారి?

#6 వలసూది

వల గుండ్రంగా పరుచుకోవాలి. మధ్య నుంచి అంచుకి దూరం ఎంత పెరిగితే చుట్టుకొలత దానికి 6.28 రెట్లు పెరగాలి. కళ్ళు చదరంగా విచ్చుకున్నప్పుడు లెక్క వేస్తే ఒక్కో వరసకు 3.14 కళ్ళు పెరగాలని తేలుతుంది. ఇది కన్ను సైజుకి సంబంధం లేని లెక్క. అర అంగుళం కన్నైనా, మూడు అంగుళాల కన్నైనా ఇంతే.

వరసకు మూడేసి పెంచుతూ పోతే గుర్తుండదు. అందుకని 6 వరసలకు ఒకసారి 20 కళ్ళు పెంచుతాం. సగటు 3.3 వస్తుంది, కొంచెం వదులు ఉండటమే మంచిది. 216 వరసల్లో 36 పెంపులు, 720 కళ్ళు. మొదటి 40తో కలిపి 760.

దీనిలో ఒక సుళువుంది. మొదటి పెంపులో 40 కళ్ళుంటాయి కాబట్టి ప్రతి 2 కళ్ళకు ఒకటి పెంచాలి. రెండో పెంపులో 60 ఉంటాయి, 3కి ఒకటి. తర్వాత 4కి, 5కి. అలా చివరి పెంపు 37కి ఒకటి. పెంపు నంబరుకి ఒకటి కలిపితే అదే ఎడం. గోడ మీద గీతలు పెట్టుకుంటే చాలు, ఎప్పుడు లేచి వెళ్ళినా మళ్ళీ లెక్కపెట్టే పని లేదు.

#7 పాలేరు_గట్టు

మా దిక్కు పెంపు కన్ను ఇట్ల వేస్తరు: ఒక కంట్లో ముడి వేసినంక, దారం బద్ద చుట్టూ ఇంకోసారి తిప్పి అదే కంట్లో మళ్ళ ముడి వెయ్యాలె. ఒక కంటికి రెండు కళ్ళు వేలాడుతయి. తర్వాత వరసల రెండింటినీ విడివిడిగ అల్లుకోవాలె. మరిచిపోయి రెండు కళ్ళలోకెల్లి ఒకేసారి సూది తీస్తే పెంచింది మళ్ళ పోయినట్టే.

గుండ్రంగ అల్లుతరు కాబట్టి వరస ఎక్కడ మొదలైందో తెల్వదు. మొదటి కంటికి రంగు దారం ముక్క కట్టుర్రి. పైకి జరుపుకుంట పోవాలె. అది లేకుంటే ఆరు వరసలు అనుకున్నది ఏడు అయితది, ఒక పక్క ఎనిమిది అయితది. అట్ల అల్లిన వల విసిరితే గుండ్రం రాదు, ఒక దిక్కు సాగి పడ్తది.

బద్ద విషయంల సూడుర్రి. వెదురు బద్ద అరిగిపోతది, చెమటకి ఉబ్బుతది. అంచు అరిగితే 150వ వరస కన్ను మొదటి వరస కన్ను కంటే చిన్నగైతది, కంటికి కనపడదు. స్టీలు స్కేలు ముక్కనో, గట్టి ప్లాస్టిక్ ముక్కనో కోసుకుని అంచులు నునుపు చేసుకుంటే చివరి దాకా ఒకటే కొలత.

#8 బ్రాడ్‌ఫర్డ్_తెలుగు

పక్క దారి పట్టిస్తున్నానేమో, కానీ ఇదే ముడి, ఇదే సూది కనుక అడుగుతున్నాను. ఇంగ్లండ్‌లో పొలాల్లో కుందేళ్ళ బొరియల మీద పరిచే సంచి వలలు చేత్తో అల్లుతారు. ఫెర్రెట్ అనే ముంగిస లాంటి జంతువుని బొరియలోకి వదిలితే కుందేలు పరుగెత్తి వచ్చి వలలో పడుతుంది. రైతు అడిగాడు, నాలుగు వలలు అల్లాలి. దారం ఏది తీసుకోవాలో తెలియడం లేదు.

#9 కృష్ణా_రేవు

చదివే మిగతావాళ్ళకి ఒక మాట. మన దేశంలో అడవి కుందేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు. వల పన్నడం నేరం. బ్రిటన్‌లో పరిస్థితి వేరు. అక్కడ పొలం చేసే రైతుకి 1880 నాటి చట్టం కుందేళ్ళని పట్టే హక్కు ఇచ్చింది, బయటివాళ్ళు ఆయన రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. మీ రైతు చేత కాగితం రాయించుకోండి.

దారం గురించి. అక్కడ స్పన్ నైలాన్ 4జెడ్, 6జెడ్, 10జెడ్ అని అమ్ముతారు, అంకె పెరిగితే లావు పెరుగుతుంది. మనం చేప వలకి వాడే నున్నటి నైలాన్ కాదది. నూలులా పోగు లేచి ఉంటుంది కాబట్టి ఒంటి ముడే పట్టుకుంటుంది. సంచి వలకి 6జెడ్ నుంచి 10జెడ్ మధ్య తీసుకోండి. జనుములాంటి నార దారమైన హెంప్ పాతకాలం నుంచి వాడుతున్నారు. కొంచెం బిరుసు, బరువు, అందువల్ల వల బొరియ మీద పరిస్తే పరిచినట్టే ఉంటుంది, గాలికి లేవదు. కాకపోతే తడిగా చుట్టి పెడితే ఒక్క చలికాలంలో కుళ్ళిపోతుంది.

బద్ద వెడల్పు 2 నుంచి 2¼ అంగుళాలు. కుందేలు తల దూరాలి, ఒళ్ళు దూరకూడదు. 18 కళ్ళతో మొదలుపెట్టి 20 వరసలు అల్లితే మూడున్నర నుంచి నాలుగు అడుగుల వల వస్తుంది. పెంపు ఏమీ లేదు, వరస చివర వలని తిప్పి వెనక్కి అల్లుకోవడమే. 360 ముడులు, 47 మీటర్ల దారం. మొదటి వరస కళ్ళన్నీ ఒక రింగుకి, చివరి వరస కళ్ళన్నీ ఇంకో రింగుకి. ఒకటిన్నర అంగుళం ఇత్తడి రింగులు బాగుంటాయి, తుప్పు పట్టిన ఇనుపది దారాన్ని కోస్తుంది. అంచు తాడు మొదటి రింగులోంచి ఒక పక్క కళ్ళన్నింటి గుండా దిగి, రెండో రింగులోంచి తిరిగి, రెండో పక్క కళ్ళ గుండా మళ్ళీ మొదటి రింగుకి వచ్చి మేకుకి కట్టాలి.

ఈ తాడు మాత్రం అల్లిన నైలాన్ తాడు అయ్యుండాలి, పురి పెట్టినది కాదు. పురి తాడు తడిస్తే మెలితిరుగుతుంది, కళ్ళ గుండా జారదు, కుందేలు తగిలినప్పుడు మూతి మూసుకోదు. సంచి వల మొత్తం ఆ జారుడు మీదే ఆధారపడి ఉంది. పని అయ్యాక వలలు లెక్కపెట్టి తీసుకోమనండి. పొలంలో వదిలేసిన వల ఏ జంతువుకి చుట్టుకుంటుందో చెప్పలేం.

#10 బ్రాడ్‌ఫర్డ్_తెలుగు

ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. కాగితం సంగతి ముందు చూసుకుంటాను. ధన్యవాదాలు అండి.

#11 కొల్లేరు_లంక

మళ్ళీ విసురు వలకి వద్దాం. వలసూది గారు దారం లెక్కలో సంచుల వరసలు వదిలేశారు. 216 వరసలు అయ్యాక పెంపు లేకుండా ఇంకో 16 వరసలు అల్లాలి. ఆ 8 అంగుళాలే లోపలికి మడిచి సంచులు చేసేది. 12,160 ముడులు, 210/1/3లో 30 గ్రాములు. మొత్తం పావు కిలో కొనుక్కుంటే అతుకులకీ బాగుకీ మిగులుతుంది.

అంచు తాడు 4 మిల్లీమీటర్ల నైలాన్. ప్రతి 6 కళ్ళకు 4 అంగుళాల తాడు చొప్పున కట్టుకుంటూ రండి. 127 కట్లు, 42 అడుగుల తాడు వస్తుంది. కట్టు కట్టుకీ 25 గ్రాముల సీసం గుండు అయితే 3 కిలోల 175 గ్రాములు. నడుము లోతు నీళ్ళకి ఇది సరిపోతుంది. పది అడుగులు దాటిన లోతుకి గుండు 35 గ్రాములకి పెంచండి.

తాడుని కొత్తగా ఉన్నప్పుడే ఒకసారి నీళ్ళలో నానబెట్టి, లాగి ఆరబెట్టి అప్పుడు కొలవండి. తర్వాత పొడవు మారితే గుండ్ల ఎడం అంతా పోతుంది.

గుండ్ల దగ్గర అంచుని లోపలికి 8 అంగుళాలు మడిచి, ప్రతి అడుగుకీ ఒక చోట వలకి కట్టండి. రెండు కట్ల మధ్య వేలాడేదే సంచి. వల లాగేటప్పుడు గుండ్లు ఒకదాని దగ్గరకి ఒకటి చేరి చేప ఆ సంచుల్లోకి దిగుతుంది. ఆ కట్టు మరీ బిగువుగా వేస్తే సంచి తెరుచుకోదు, చేప అంచు దాకా వచ్చి తిరిగి పోతుంది. వేలు దూరేంత వదులు ఉంచాలి.

సీసం ఇంట్లో కరిగించి పోసేవాళ్ళు వంటగదిలో మాత్రం చెయ్యొద్దు. ఆరుబయట, గాలి వాటం చూసుకుని, వంట గిన్నెలు కాకుండా వేరే పాత్రలో. అచ్చు తడిగా ఉంటే సీసం చిమ్ముతుంది, ఒళ్ళు కాలుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

#12 కొత్త_అల్లిక

వల అయ్యాక సరిగ్గా విచ్చుకోకపోతే తప్పు ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి?

#13 వలసూది

నీళ్ళలో విసరక ముందు గట్టి నేల మీద పరవండి. నెత్తి మధ్యలో పెట్టి, నలుగురు నాలుగు వైపులా అంచు పట్టుకుని లాగండి.

అంచు బిగిసి నడుము దగ్గర వల ముడతలు పడితే అంచు తాడు పొట్టి. 6 కళ్ళకి 4 అంగుళాలు ఇవ్వలేదన్నమాట. విప్పి మళ్ళీ కట్టుకోవచ్చు, వలకి నష్టం లేదు. అంచు వదులుగా ఉండి నడుము దగ్గర బిగుసుకుంటే పెంపు వరసలు మధ్యలో తప్పాయి. ఆ భాగంలో కళ్ళు లెక్కపెట్టండి, ఎక్కడ 20 తగ్గాయో దొరుకుతుంది. ఒక పెంపు తప్పితే ఫర్వాలేదు, వాడుకోవచ్చు. మూడు దాటితే అక్కడి నుంచి కింద భాగం కోసి తిరిగి అల్లుకోవడం నయం.

ఒకే పక్కకి సాగితే రంగు దారం గుర్తు జరిగిపోయింది, పాలేరు గారు చెప్పినదే.

వల మొత్తం పూర్తయ్యాక తడిపి, నెత్తి పైకి కట్టి, గుండ్లు వేలాడేలా ఒక రాత్రంతా ఉంచండి. ముడులన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి. కళ్ళ కొలత కొద్దిగా మారినా కంగారు పడకండి.

#14 పాలేరు_గట్టు

ఎండల ఆరేస్తే నైలాన్ పాడైతది. ఎండకి దారం పెళుసు అయితది, బలం పోయినా చూపుకి తెల్వదు. మంచి నీళ్ళల కడిగి నీడకి ఆరేయాలె. చేప వాసన ఉంటే ఎలుకలు కొరుకుతయి, ఎత్తు మీద వేలాడదియ్యాలె. పత్తి దారం ఉన్న రోజుల తుమ్మచెక్క కషాయంల ఉడకబెడుతుండె, కుళ్ళకుండ. నైలాన్‌కి అది అక్కర లేదు, రంగు కోసం వేసుకుంటే వేసుకోవచ్చు.

చెరువు సంఘం లీజుల ఉంటే ముందుగాల అడగుర్రి. అడగకుండ దిగితే వల గుంజుకుంటరు.

#15 కొత్త_అల్లిక

చివరిగా ఒకటి. చిరిగితే చిల్లు చుట్టూ ఉన్న ముక్కల్ని ముడేసి లాగేస్తున్నారు చాలామంది. అలా చెయ్యొచ్చా?

#16 కృష్ణా_రేవు

చెయ్యకూడదు. ముడేసి లాగిన చోట వల గుంజుకుని ఆ పక్కంతా ముడత పడుతుంది, విసిరినప్పుడు అక్కడ విచ్చుకోదు.

ముందు చిల్లు చుట్టూ కత్తిరించి శుభ్రం చెయ్యాలి. పైన ఒకే ఒక్క ముడి మూడు కాళ్ళతో మిగలాలి, కింద ఒకే ఒక్క ముడి మూడు కాళ్ళతో మిగలాలి. మిగతా ప్రతి ముడికీ రెండేసి కాళ్ళే ఉండాలి. ఒక కాలు మాత్రమే ఉన్న ముడి ఎక్కడ కనిపించినా దాన్ని తీసేయండి. పైనున్న మూడు కాళ్ళ ముడి దగ్గర మొదలుపెట్టి అడ్డంగా వరస వరసకీ అల్లుకుంటూ దిగితే, దారం సరిగ్గా కింద ఉన్న మూడు కాళ్ళ ముడి దగ్గరికి వచ్చి ఆగుతుంది. అక్కడికి రాకపోతే మధ్యలో ఒక కన్ను వదిలేసి ఉంటారు, ఆ వరస దాకా విప్పి చూడండి. బద్ద అక్కర్లేదు, పక్క కన్నుని చూసుకుని చూపుడువేలు కొలతగా పెట్టుకోవచ్చు. దారం మాత్రం వలకి వాడినదే ఉండాలి. 210/1/3 వలకి 210/2/3తో అతుకు వేస్తే అతుకు తెగదు, దాని చుట్టూ ఉన్న పాత కళ్ళు తెగుతాయి.